పూస కప్పినంత దూరం

ఇలియన్‌లో ఏ వీధిలో నిలబడినా ఆ ఎర్ర ఇటుక గోడలు కనిపిస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలో, మొహాక్ నది లోయలో ఉన్న చిన్న ఊరు ఇది. యూటికా నుంచి కారులో అరగంట కూడా పట్టదు. చుట్టూ చెక్క ఇళ్ళు. వాటి మధ్య రెమింగ్టన్ తుపాకుల ఫ్యాక్టరీ వరసలు వరసలుగా కిటికీలతో పెద్ద కోటలా పరుచుకొని ఉంటుంది. 2024 మార్చిలో అది మూతపడింది. నేను వెళ్ళింది నవంబరు చివర్లో. కార్లు ఆపే స్థలాలు ఖాళీగా ఉన్నాయి. షిఫ్టు మారే వేళకు ఈ వీధుల్లో కారు నిలపడానికి చోటు దొరికేది కాదని కాఫీ దుకాణంలో ఒకావిడ చెప్పింది. వాళ్ళ ఇంట్లో మూడు తరాలవాళ్ళు ఆ గోడల వెనక పనిచేశారట.

ఎలిఫలెట్ రెమింగ్టన్ అనే యువకుడు 1816లో ఇక్కడికి దగ్గరలోనే, తండ్రి కొలిమిలో ఒక తుపాకీ గొట్టం తయారు చేశాడని, అదే తమకు తొలి అడుగని కంపెనీ చెప్పుకొనేది. 1825లో ఈరీ కాలువ పూర్తయింది. సరుకు రవాణా అంతా పడవల మీదికి మళ్ళింది. 1828లో ఎలిఫలెట్ తన కొలిమిని కాలువ ఒడ్డుకు, అంటే ఇలియన్‌కు తెచ్చుకున్నాడు. 1873లో ఈ ఫ్యాక్టరీలోనే షోల్స్, గ్లిడెన్‌ల టైపు మిషను తయారీకి ఒప్పందం కుదిరింది. మన తాలూకా ఆఫీసుల్లో, టైపు ఇన్‌స్టిట్యూట్లలో తరాల తరబడి వినిపించిన రెమింగ్టన్ పేరు ఈ లోయలోంచి వచ్చిందే. 1886లో టైపు మిషన్ల వ్యాపారాన్ని వేరేవాళ్ళకు అమ్మేశారు. తుపాకులు మాత్రం దగ్గర దగ్గర రెండు శతాబ్దాలు ఇక్కడే తయారయ్యాయి.

నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చింది పంప్ యాక్షన్ రైఫిల్. నాకు పాత యంత్రాలంటే ప్రాణం. చేతి కదలికను యంత్రం ఎలా అర్థం చేసుకుంటుందో చూడటం నాకు తీరని సరదా. ఆ దృష్టితో చూస్తే పంప్ రైఫిల్ అంత అందమైన యంత్రాలు తక్కువ. గొట్టం కింద, ఎడమ చేతితో పట్టుకొనే చెక్క ముందుకీ వెనక్కీ జారుతుంది. వెనక్కి లాగితే లోపల గడియ విడిపోయి, కాలిన ఖాళీ తొడుగు బయటికి ఎగిరిపోతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా గదిలోకి వెళ్ళి, గడియ పడుతుంది. బోల్ట్ రైఫిల్‌తో ఈ పని చేయాలంటే కుడి చెయ్యి ట్రిగ్గర్ దగ్గరి నుంచి తీయాలి. లివర్ రైఫిల్‌లో ఆ చేతినే కిందికీ పైకీ ఆడించాలి. పంప్ రైఫిల్‌లో కుడి చెయ్యి ఉన్నచోటే ఉంటుంది. తుపాకీ భుజం దిగదు. అన్నిటికన్నా ముఖ్యం, కన్ను గురి మీంచి కదలదు. ఈ జారే యంత్రాంగాన్ని, అంటే యాక్షన్‌ను పొగిడేవాళ్ళు చాలామంది వేగం దగ్గరే ఆగిపోతారు. ఆ కన్ను గురించి, దానికి ఎదురుగా ఉండే గురి గురించి తెలుసుకోవాలన్నది నా కోరిక. అందుకే నా దారి ఇలియన్‌లో మొదలై, దక్షిణంగా పెన్సిల్వేనియా కొండల్లోకి సాగింది. అక్కడ వందేళ్ళనాటి పంప్ రైఫిళ్ళు ఇప్పటికీ ఏటా అడవికి వెళ్తాయి.

బింగ్‌హామ్టన్ దాటి పెన్సిల్వేనియాలోకి దిగాక ఆరో నంబరు జాతీయ రహదారి పట్టుకున్నాను. వెల్స్‌బరోలో ప్రధాన వీధి పొడవునా ఇప్పటికీ గ్యాస్ దీపాలు వెలుగుతాయి. అక్కణ్ణుంచి పశ్చిమంగా పైన్ క్రీక్ లోయ, ఆ తర్వాత గేల్టన్ ఉన్న పాటర్ కౌంటీ. పొలిమేరలో, ఇది దేవుడి సీమ అని బోర్డు ఉంటుంది. ఆకులు రాలిన అడవి, మధ్య మధ్య నల్లగా కనిపించే హెమ్లాక్ చెట్లు, వాలు నీడల్లో కరగని మంచు. దారి పక్క హార్డ్‌వేర్ దుకాణాల ముందు, పెట్రోలు బంకుల దగ్గర, చర్చి ముంగిట, అన్నిచోట్లా ఒకటే మాట: వేటగాళ్ళకు స్వాగతం. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం ఇక్కడ జింకల రైఫిల్ సీజను మొదలవుతుంది. 2019కి ముందు తరాల తరబడి అది సోమవారం మొదలయ్యేది. ఆ రోజు చాలా బళ్ళకు సెలవిచ్చేవారు. మన పల్లెల్లో సంక్రాంతికి ఎక్కడెక్కడివాళ్ళూ ఇంటికి చేరినట్టు, ఇక్కడ ఈ వారానికి చేరతారు.

హారిస్‌బర్గ్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఒక పెద్దాయన్ను నాకు పరిచయం చేశాడు. తమ్ముడి ఆఫీసులోనే పనిచేసి రిటైరయ్యాడాయన. పాటర్ కౌంటీలో తాతలనాటి చెక్క క్యాబిన్, దానితో పాటే అలమార నిండా పంప్ రైఫిళ్ళు ఆయనకున్నాయి. తమ్ముడు నాకన్నా ముందే చేరి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. వాడు వేటగాళ్ళ భద్రతా శిక్షణ పూర్తి చేసి లైసెన్సు తీసుకున్నాడు. నాకు మాత్రం తుపాకీ ముట్టుకొనే వీల్లేదు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకీ చేతబట్టకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. పెద్దాయన ఒక్కొక్క తుపాకీనీ బల్ల మీద పరిచిన కంబళి మీద పెట్టి, దీపం దగ్గరికి జరిపి చూపించాడు. నేను చేతులు వెనక్కి కట్టుకొని వంగి చూశాను.

మొదట తీసింది కోల్ట్ లైట్నింగ్. హార్ట్‌ఫర్డ్‌లో 1884 నుంచి 20 ఏళ్ళపాటు తయారైన రకం. పెద్ద పేరున్న కంపెనీ చేసిన తొలితరం పంప్ రైఫిల్ ఇదే. లోపలి భాగాలు సున్నితమైనవి, మరమ్మతు కష్టం. అందుకే ఆయన దీన్ని కాల్చడు, నూనె రాసి భద్రపరుస్తాడు. 1898 వరకు తయారైనవాటిని అమెరికా చట్టం పురాతన వస్తువులుగా చూస్తుంది. 50 ఏళ్ళు దాటినవి చాలావరకు సేకరణ వస్తువుల కోవలోకి వస్తాయి. వాటికోసం సేకర్తలకు వేరే లైసెన్సే ఉంది.

రెండోది వించెస్టర్ 1890 మోడల్. యూటా రాష్ట్రంలో ఆగ్డెన్ ఊరి అన్నదమ్ములు జాన్ బ్రౌనింగ్, మాథ్యూ బ్రౌనింగ్ దీని రూపకర్తలు. ఎనిమిది పలకల గొట్టం, బయటికి కనిపించే సుత్తి, 22 క్యాలిబర్ చిన్న తూటా. 1932 వరకు సాగిన ఈ మోడల్ 8 లక్షలకు పైగా అమ్ముడైంది. మన తిరునాళ్ళలో బుడగలు కాల్చే తుపాకుల చుట్టూ పిల్లలు మూగినట్టే, అమెరికా సంతల్లో రెండు తరాల పిల్లలు వీటి చుట్టూ మూగారు. ఉడతల వేటకు వెళ్ళే పల్లె కుర్రాళ్ళకు ఇదే తొలి తుపాకీ. అంత వాడకంలో నలిగినవి కాబట్టి, నీలి పూత చెక్కుచెదరకుండా మిగిలిన 1890 మోడల్ దొరికితే సేకర్తలు కళ్ళకద్దుకుంటారు.

మూడోదాన్ని తీసేటప్పుడు ఆయన ముఖంలో వెలుగు మారింది. రెమింగ్టన్ 14వ మోడల్. జాన్ పెడర్సన్ రూపొందించగా 1912లో వచ్చింది. నేను పొద్దున చూసొచ్చిన ఆ ఇటుక గోడల మధ్య తయారైనది. గొట్టం మేగజీన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. మొన కూసుగా ఉన్న తూటా అయితే, ఆ మొన ముందున్న తూటా అడుగున ఉండే ప్రైమరుకు తగులుతుంది. తుపాకీ అదిరినప్పుడు ఆ దెబ్బకే ప్రైమరు పేలే ప్రమాదముంది. అందుకే లివర్ రైఫిళ్ళలో మొద్దు మొన తూటాలు వాడేవారు. పెడర్సన్ మేగజీన్ గొట్టాన్నే మెలికలు తిరిగేలా నొక్కించాడు. ఆ మెలికల వల్ల ప్రతి తూటా కొంచెం వాలుగా కూర్చుంటుంది. మొన ప్రైమరుకు తగలకుండా పక్కకు తప్పుకుంటుంది. బయటి నుంచి చూస్తే అది అలంకారంలా కనిపిస్తుంది. లోపల అది ప్రాణాలు కాపాడే ఏర్పాటు. తుపాకీ ఎడమ చెంప మీద ఇత్తడి బిళ్ళ ఒకటి మెరుస్తోంది. దగ్గరికెళ్ళి చూస్తే, అది తూటా తొడుగు అడుగుభాగం. ఏ తూటా వాడాలో చెప్పడానికి దాన్నే గుర్తుగా పొదిగారు. ఎంత బాగా ఆలోచించారోనని నేను పైకే అన్నాను. "చదువు రాని కూలీ కూడా చీకట్లో వేలితో తడిమి ఏ తూటా అడగాలో తెలుసుకొనేవాడు" అన్నాడు పెద్దాయన.

1935లో వచ్చిన 141వ మోడల్ దీనికి తమ్ముడు. గొట్టం దానికన్నా రెండంగుళాలు ఎక్కువ పొడవు. 1952లో వచ్చిన 760వ మోడల్‌తో కథ మారింది. తిరిగే బోల్టు, కింద డబ్బా మేగజీన్, 30-06 లాంటి బలమైన తూటా. పెన్సిల్వేనియాలో దానికి ఇంత గిరాకీ రావడానికి అసలు కారణం చట్టం. జింక, ఎలుగు లాంటి పెద్ద జంతువుల వేటలో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను ఈ రాష్ట్రం ఇప్పటికీ అనుమతించదు. 2017 నుంచి చిన్న జంతువులకు మాత్రం సడలింపు ఇచ్చారు. అంటే, కన్ను గురి మీంచి తీయకుండా రెండో తూటా సిద్ధం చేసుకోవాలంటే ఇక్కడి వేటగాడికి పంప్ రైఫిలే దారి.

తమ్ముడు వంటకు లేచాక పెద్దాయన సేకర్తల విద్య మొదలుపెట్టాడు. గొట్టం మీద 1921 తర్వాత రెమింగ్టన్ వేసిన ముద్రలో నెలకో అక్షరం ఉంటుంది. బ్లాక్‌పౌడర్ అన్న ఇంగ్లిష్ మాటలోని 11 అక్షరాలకు చివర ఎక్స్ చేర్చి 12 చేశారు. బి అంటే జనవరి, ఎక్స్ అంటే డిసెంబరు. పక్కన సంవత్సరానికి మరో గుర్తు. మరమేకుల తలలు నలిగాయా, చెక్క మీది వార్నిష్ పాతదేనా, ఇత్తడి బిళ్ళా గొట్టం మీది రాతా ఒకే తూటా పేరు చెబుతున్నాయా అని చూడాలి. ఆ తర్వాత చూడాల్సింది గురి.

"తుపాకీని సొంతదారు ఎలా వాడుకున్నాడో చెప్పేది గురి ఒక్కటే" అన్నాడాయన. "చెక్క అరిగితే ఎంత మోశాడో తెలుస్తుంది. గురి చూస్తే అతని కళ్ళు ఎలా ఉండేవో, ఏ అడవిలో తిరిగాడో తెలుస్తుంది."

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తుపాకీకి గొట్టం చివర ఒక పూస, కంటికి దగ్గరలో గొట్టం మీద పలక గురి ఉంటాయి. పలక పైఅంచులో చిన్న గాడి. కొన్నిటికి రెండు పక్కలా దున్నపోతు కొమ్ముల్లా వంపు తిరిగిన రెక్కలుంటాయి. పలక కింద మెట్లు మెట్లుగా కోసిన చిన్న రేకు ఉంటుంది. దాన్ని ఒక మెట్టు ముందుకో వెనక్కో జరిపితే పలక లేస్తుంది లేదా దిగుతుంది. వెనక గురి ఏ వైపు జరిపితే తూటా ఆ వైపే వెళ్తుంది. ముందు పూస అయితే దానికి తలకిందులు. పూసలు దంతంతో, బంగారు రంగు లోహంతో చేసేవారు. చీకటి అడవిలో బంగారు పూస, ముదురు రంగు జంతువు మీద దంతపు పూస బాగా కనిపిస్తాయి. మంచు మీద మాత్రం తెల్ల పూస కలిసిపోతుంది.

ఈ పద్ధతిలో కంటికి ఒక కష్టం ఉంది. గాడి అడుగున్నర దూరంలో, పూస మూడడుగుల దూరంలో, జంతువు వంద గజాల దూరంలో ఉంటాయి. మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడగల కన్ను లేదు. కుర్రవాడి కన్ను మూడింటి మధ్యా చకచకా మారి సర్దుకుంటుంది. నలభై దాటాక ఆ చురుకు తగ్గుతుంది. కనెక్టికట్ రాష్ట్రం మిడిల్‌ఫీల్డ్ ఊరి విలియం లైమన్ 1879లో పేటెంటు తీసుకున్న గురి ఈ కష్టాన్ని తీర్చింది. తుపాకీ మెడ మీద, కంటికి బాగా దగ్గరగా ఒక కాడ నిలబెట్టి, దాని తలలో పెద్ద కన్నమున్న ఉంగరం పెట్టాడు. ఆ కన్నాన్ని చూడక్కర్లేదు, దానిలోంచి చూస్తే చాలు. వెలుతురు ఎక్కువగా ఉండేది కన్నం నడుమనే కాబట్టి కన్ను దానంతట అదే పూసను అక్కడికి తెచ్చుకుంటుంది. సర్దుకోవాల్సిన మూడింటిలో ఒకటి తగ్గిపోయింది. మిషిగన్ రాష్ట్రం గ్లాడ్‌స్టోన్‌లో వెబ్‌స్టర్ మార్బుల్ ఇలాంటి కాడకే కింద స్ప్రింగు పెట్టాడు. కొమ్మ తగిలితే విరగకుండా వంగి మళ్ళీ లేచి నిలబడుతుంది. తర్వాతి కాలంలో లైమన్, డెన్వర్‌లో రెడ్‌ఫీల్డ్, మిషిగన్‌లోనే విలియమ్స్ కంపెనీలు తుపాకీ చెంప మీద బిగించే గురులు చేశాయి.

ఆ చెంప గురులకు మరలు కావాలి, మరలకు చిల్లులు కావాలి. సేకర్తలు, వేటగాళ్ళు పేచీ పడేది ఇక్కడే. ఫ్యాక్టరీలో లేని చిల్లు ఒక్కటి కనిపించినా పాత రైఫిల్ ధర బాగా పడిపోతుంది. పెద్దాయన 141వ మోడల్ ఒకటి తీసి దాని ఎడమ పక్కన రెండు చిల్లులు చూపించాడు. యాభయ్యల్లో వాళ్ళ నాన్న చూపు తగ్గాక ఊళ్ళో మిస్త్రీ చేత తొలిపించి, చెంప గురి బిగించుకున్నాడు.

"దీన్ని కొనడానికి వచ్చినవాళ్ళు ఈ చిల్లులు చూసి తల అడ్డంగా ఊపుతారు. నాకు మాత్రం ఈ అలమారలో విలువైనది ఇదే. మా నాన్న వేట మానేయకుండా, జంతువును గాయపరచి వదలకుండా ఉండటానికి పడ్డ తపన ఇది."

నేను ఆయన మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. చెక్కుచెదరని తుపాకీ ఫ్యాక్టరీ పనితనాన్ని చెబుతుంది. చిల్లులు పడ్డది ఒక మనిషి నడిచిన దారిని చెబుతుంది. రెండూ దాచదగ్గవే. కాకపోతే కొత్తగా చిల్లులు వేయడానికి ఇప్పుడు కారణం లేదు. ఆధునిక రైఫిళ్ళు బోలెడున్నాయి, పాతవి తరిగిపోతున్నాయి.

ప్రతి తుపాకీ ట్రిగ్గర్ గార్డుకూ దారంతో ఒక అట్ట చీటీ వేలాడుతోంది. ధర రాశాడేమో అనుకున్నాను. ఒకదాని మీద 60, ఇంకోదాని మీద 100. వాళ్ళ నాన్న 141 మీద 110 కొట్టేసి, 95 కొట్టేసి, 80 అని రాసి ఉంది. అది గజాల లెక్క. ఏటా సీజనుకు ముందు ఆయన ఆ తుపాకీతో, ఆ గురితో, తన అప్పటి కళ్ళతో కాల్చి చూస్తాడు. తూటాలన్నీ అన్నం పళ్ళెమంత వలయంలో పడే దూరం ఎంతో, అంత వరకే ఆ ఏడాది జింక మీద కాలుస్తాడు.

మర్నాడు షూటింగ్ రేంజిలో ఆ లెక్క నాకు కళ్ళారా చూపించాడు. ఇసుక సంచుల మీద ఆనించిన ఖాళీ తుపాకీ వెనక వంగి కన్నంలోంచి చూశాను. పూస వెడల్పు అంగుళంలో పదహారో వంతు. కంటికి మూడడుగుల దూరంలో ఉన్న ఆ పూస వంద గజాల దగ్గర ఆరంగుళాల మేర కప్పుతుంది. రెండొందల గజాలకు అడుగు మేర కప్పేస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు తొమ్మిది, పది అంగుళాలకు మించదు. అంటే రెండొందల గజాల దగ్గర పూస వెనక ఏముందో వేటగాడికి కనిపించదు. పైగా 35 రెమింగ్టన్ తూటా వంద గజాలకు సరిచేస్తే, రెండొందలకు చేరేసరికి దాదాపు అడుగు కిందికి దిగిపోతుంది. రెండు గురుల మధ్య దూరం కూడా లెక్కే. గాడికీ పూసకూ మధ్య 45 సెంటీమీటర్లు ఉంటే, అమరికలో ఒక్క మిల్లీమీటరు తేడా వంద మీటర్ల దగ్గర 22 సెంటీమీటర్ల తప్పుగా పెరుగుతుంది. మెడ మీది కాడ గురితో ఆ మధ్య దూరం 80 సెంటీమీటర్లయితే, తప్పు పన్నెండున్నరకు తగ్గుతుంది. అదే తుపాకీ, అదే తూటా, అదే మనిషి. గురి మారితే హద్దు మారుతుంది.

ఆ రాత్రి క్యాబిన్‌లో ఈ అడవి కథ విన్నాను. 19వ శతాబ్దం చివర్లో ఇక్కడి తెల్ల పైన్, హెమ్లాక్ చెట్లను దాదాపు మొత్తం నరికేశారు. హెమ్లాక్ బెరడు తోళ్ళు ఊనడానికి, పైన్ దూలాలకు. కొండలు బోడివైపోయాయి, జింకలు అరుదైపోయాయి. 1890లలో వేట వ్యవహారాల కమిషన్ ఏర్పడింది. 1906లో మిషిగన్ నుంచి జింకలను కొని తెచ్చి వదిలారు. 1907లో ఆడజింకల వేటను నిషేధించారు. నరికిన చోట మొలిచిన లేత అడవి మేతకు బాగా పనికొచ్చింది. కొన్ని దశాబ్దాల్లోనే జింకలు లెక్కకు మించి పెరిగి, మొక్క మొలవనీయని స్థితి వచ్చింది. అప్పటి నుంచి ఎన్ని తీయాలి, ఎక్కడ తీయాలన్నది ఏటా లెక్క కట్టాల్సిన పనైంది. 1937లో ఫెడరల్ ప్రభుత్వం తెచ్చిన పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ళు, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణి సంరక్షణకే వెళ్తుంది. మనం వేరే దారి ఎంచుకున్నాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ మన దేశంలో సరదా వేటకు తలుపులు మూసేశాయి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు లైసెన్సు తుపాకులకు మించి ఉండకూడదు. మన జనసాంద్రతకు, మన అడవుల స్థితికి అదే సరైన నిర్ణయమని నా నమ్మకం. కానీ ఇక్కడి ఏర్పాటు కూడా ఒక నాశనం నుంచి పాఠం నేర్చుకొని కట్టుకున్నదేనని తెలిశాక, అడవి పట్ల గౌరవం రెండు దారుల్లోనూ ఉండొచ్చని నాకు అనిపించింది.

సీజను తొలిరోజు తెల్లవారకముందే బయల్దేరాం. ముగ్గురం మెరిసే నారింజ రంగు చొక్కాలు వేసుకున్నాం. 250 చదరపు అంగుళాల మేర ఆ రంగు కనిపించాలన్నది నియమం. తమ్ముడు వేరే వాలుకు వెళ్ళాడు. నేను పెద్దాయన వెనక, చేతిలో ఏమీ లేకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాను. రెండు గుట్టల మధ్య పల్లంలో, పడిపోయిన చెట్టు వెనక కూర్చున్నాం. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు. వెలుతురు వచ్చినా ఆయన చాలాసేపు తుపాకీ తీయలేదు. పూస కనిపించేదాకా తనకు తెల్లారనట్టేనన్నాడు. దూరంగా ఇతర గుట్టల నుంచి తుపాకుల మోత మొదలైంది. కొన్నిచోట్ల ఒకటే దెబ్బ, కొన్నిచోట్ల గబగబా నాలుగైదు. వరసగా మోగినప్పుడల్లా ఆయన ముఖం చిట్లించాడు.

పొద్దెక్కాక ఎదుటి వాలు మీద మగజింక నిలబడింది. మంచి కొమ్ములు. ఒక పక్క మూడుకు మించిన కొనలు నాకే లెక్కకు అందాయి. పెద్దాయన నాన్నగారి 141 భుజానికెత్తాడు. కన్నంలోంచి చూశాడు. నేను ఊపిరి బిగబట్టాను. జింక అటూ ఇటూ చూసి, నేలను వాసన చూసి, మెల్లగా గుట్ట దాటిపోయింది. ఆయన తుపాకీ దించి, వేలితో అట్ట చీటీ ఉండాల్సిన చోటు తట్టాడు. తర్వాత వెళ్ళి అడుగులతో కొలిచాం. నూట ఇరవై గజాలకు పైనే ఉంది. అది కాల్చదగిన జంతువు, కాల్చదగిన సమయం, చట్టానికి ఏ అభ్యంతరమూ లేదు. ఆయన చీటీకి మాత్రం ఉంది.

మధ్యాహ్నం దాటాక ఆడజింక ఒకటి పల్లంలోంచి మా వైపే వచ్చింది. ఆడజింకకు కావలసిన విడి లైసెన్సు ఆయన దగ్గర ఉంది. నలభై గజాల్లో అది పక్కకు తిరగగానే తుపాకీ మోగింది. ఆ మోత చెవిలో ఉండగానే ఎడమ చెయ్యి వెనక్కీ ముందుకీ ఆడింది. ఖాళీ తొడుగు మంచులో పడి బుసకొట్టింది. రెండో తూటా సిద్ధం, కన్ను అదే కన్నంలో, పూస అదే జింక మీద. ఆయన కాల్చలేదు. జింక నాలుగు గంతులు వేసి పడిపోయింది. అది పూర్తిగా కదలిక మానేదాకా ఆయన భుజం మీంచి తుపాకీ దించలేదు.

ఆ క్షణంలో నాకు ఈ యంత్రం అర్థమైంది. పంప్ రైఫిల్ వేగం ఎక్కువ గుళ్ళు కురిపించడానికి పుట్టిందనే మాట సగం నిజం. మంచి వేటగాడి చేతిలో ఆ వేగం మొదటి దెబ్బ తప్పితే బాకీ వెంటనే తీర్చడానికి సిద్ధంగా ఉంటుంది. గాయపడ్డ జంతువు అడవిలో రాత్రంతా బాధపడకూడదు. రెండో తూటా అందుకోసం. గురి హద్దు గీస్తుంది, యాక్షన్ పూచీ పడుతుంది. ఒకటి లేకుండా రెండోది ప్రమాదం.

జింకను అక్కడే శుభ్రం చేసి, చెవికి చీటీ కట్టి, తాడుతో క్యాబిన్ దాకా లాగాం. తాడు లాగడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. సగం మాంసం ఆహార బ్యాంకుకు వెళ్ళింది. వేటగాళ్ళిచ్చిన మాంసాన్ని పేదలకు చేర్చే ఏర్పాటు ఈ రాష్ట్రంలో 1991 నుంచి నడుస్తోంది.  మిగిలిన సగంలో సగం తమ్ముడి వాటా. హారిస్‌బర్గ్‌లో మా మరదలు దాన్ని అల్లం వెల్లుల్లి, మిరియాలు దట్టంగా పట్టించి, నూనె కాస్త ఎక్కువ వేసి సన్న సెగ మీద ఇగిరించింది. ఈ మాంసంలో కొవ్వు ఉండదు కాబట్టి తొందరపెడితే పీచులా గట్టిపడుతుందని, ఓపికే దీనికి మసాలా అని చెప్పింది.

తిరుగు ప్రయాణంలో దారి పక్క పాత తుపాకుల దుకాణాల్లో ఆగుతూ వచ్చాను. అన్నిచోట్లా అద్దాల వెనక 14లు, 141లు, 1890లు. చీటీల మీద తయారీ సంవత్సరం, నీలి పూత ఎంత శాతం మిగిలింది, గురి అసలుదా కాదా, ధర ఎంత. ఆ వివరాలన్నీ అవసరమే. ఇలియన్ లాంటి ఫ్యాక్టరీలు మూతపడుతున్నప్పుడు, ఆ పనితనాన్ని ఓపికగా భద్రపరిచే సేకర్తలకు మనం రుణపడి ఉన్నాం. కానీ పాత రైఫిల్‌ను కాపాడటమంటే దాని ఇనుమునూ చెక్కనూ కాపాడటం మాత్రమే కాదు. ఆ గురిలోంచి చూడటం తెలిసినవాళ్ళు, ఎక్కడ ఆగాలో దాని దగ్గర నేర్చుకున్నవాళ్ళు మిగలాలి. పెద్దాయన మనవరాలు వచ్చే ఏడాది వేటగాళ్ళ శిక్షణకు వెళ్తుందట. ఆమెకు మొదట ఇవ్వబోయేది తుపాకీ కాదని, ఒక ఖాళీ అట్ట చీటీ, పెన్సిలు అని ఆయన చెప్పాడు. రేంజిలో తన అంకె తాను తేల్చుకొని రాసుకున్నాకే అలమార తెరుస్తాడు. సేకరణ అనే మాటకు ఇంతకన్నా మంచి వారసత్వం ఉంటుందని నేను అనుకోను.